వైరస్‌కు ప్రాణముందా?

నరసరావుపేట ఆడపిల్లల హైస్కూల్లో సైన్సంటే దయామణి టీచరే. ఆమె కప్పను కోసి కొట్టుకునే గుండెను చూపిస్తుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. అరవై నాలుగులో బడి తెరవగానే నాగరత్నమ్మ వచ్చింది. చిలకలూరిపేట కోమట్ల పిల్ల, వాల్తేరులో చదువుకుంది, ఇంకా పాతికేళ్లు నిండలేదు. హెడ్మిస్ట్రెస్ పై తరగతులు ఆమెకిచ్చి, కింది తరగతులు దయామణికి సర్దింది. దయామణి నవ్వుతూనే తలూపింది. ఆ రోజు ఇంట్లో అన్నం సహించలేదు.

ఒకనాడు ఖాళీ పీరియడ్‌లో వరండాలో నడుస్తూ పదో తరగతి కిటికీ దగ్గర ఆగింది.

"వైరస్ బయట ఉన్నంతసేపూ తినదు, పెరగదు," నాగరత్నమ్మ చెబుతోంది. "పొగాకు తెగులు వైరస్‌ని ఉప్పులాగా పలుకులు కట్టించి సీసాలో దాచారు. అదే పలుకును నీళ్లలో కలిపి ఆకుకు రుద్దితే, కణంలో దూరి, ఆ కణం చేతే తనలాంటివాటిని చేయించుకుంటుంది. లోపల డీఎన్ఏ ఉన్నవి ఒక జాతి, ఆర్ఎన్ఏ ఉన్నవి ఇంకో జాతి. ఆకారాలు కూడా వేరే. పొగాకుది పుల్లలాగా, మశూచికానిది ఇటుకలాగా ఉంటుంది."

దయామణి ఇన్నేళ్లూ వైరస్ అంటే బాక్టీరియాలో మరీ చిన్నదని చెప్పుకొచ్చింది. అయినా ఆమెను కాల్చింది ఆ తప్పు కాదు. ముందు బెంచీలో ప్రభావతి చెంపన చెయ్యి పెట్టుకుని నాగరత్నమ్మ వైపే చూస్తోంది. నిరుడు ఆ పిల్ల తనవైపు అలాగే చూసేది.

ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు, ఏ జవాబు చెప్పినా ఇరుక్కుంటుందని లెక్కేసుకుని, దయామణి టీ అందిస్తూ అంది: "పదో తరగతిలో వైరస్‌కి ప్రాణముందా లేదా అని అడగండి సార్. కొత్తమ్మాయి చానా బాగా చెబుద్ది."

ఆయన అడిగాడు. నాగరత్నమ్మ, "తేల్చి చెప్పలేను సార్. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఒక మాట మీద లేరు," అంది.

"టీచరయ్యుండి పిల్లల ముందు తెలియదంటారా?" ఆయన మొహం ముడుచుకుంది. పిల్లలు తలలు దించుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ దయామణికి ఒళ్లంతా తేలికైంది.

సాయంత్రం గేటు దగ్గర నాగరత్నమ్మే పరుగున వచ్చి కలిసింది. "అక్కయ్యా, ఆయన భలే ప్రశ్న అడిగాడు గదా! తిట్టాడనుకో, అయినా అట్టా అడిగినోళ్లు ఇంతవరకు లేరు."

ఆ మాటతో దయామణి సంతోషం కాస్తా చేదెక్కింది. అసూయ తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. తిట్టు తిని కూడా ఈ పిల్ల ఎట్లా నవ్వగలుగుతోంది?

మాఘమాసంలో నాగరత్నమ్మకు ఆటలమ్మ పోసింది. గది అద్దెకిచ్చిన ఇంటామె గుమ్మానికి వేపమండలు కట్టి, అన్నం గడప దగ్గర పెట్టి పోతోంది. పదో తరగతి మళ్లీ దయామణికి వచ్చింది. కోరుకున్నదే. మొదటి రోజే ప్రభావతి లేచి, "టీచర్, ఆటలమ్మ వైరస్ ఏ జాతి?" అనడిగింది. దయామణికి తెలియలేదు. రేపు చెబుతానంది.

సాయంత్రం జావ కాచుకుని నాగరత్నమ్మ గదికి వెళ్లింది.

"లోపలికి రాబాక అక్కయ్యా, అంటుద్ది!"

"నాకు చిన్నప్పుడే పోసిందిలేమ్మా." గిన్నె చేతికిచ్చి పక్కన కూర్చుంది. దుప్పటి సర్దింది, కిటికీ రెక్క మూసింది. చివరికి అంది: "ఈ ఆటలమ్మ ఏ జాతిదే?"

జ్వరంలోనూ నాగరత్నమ్మ కళ్లు వెలిగాయి. "డీఎన్ఏది అక్కయ్యా! ఏదీ, ఆ పెన్సిలివ్వు." పొక్కుల చేత్తోనే బొమ్మ గీయబోయింది. ఇన్‌స్పెక్టరు చేత ఆ ప్రశ్న అడిగించింది తానేనన్న మాట దయామణి గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగేసి, కాగితం కదలకుండా అంచు పట్టుకుంది.

మర్నాడు పాఠం బాగా కుదిరింది. గంట కొట్టాక ప్రభావతి దగ్గరికొచ్చి, "నాగరత్నమ్మ టీచర్ ఎప్పుడొస్తారు టీచర్?" అంది.

గుండెలో ముల్లు దిగింది. "పొక్కులు మాడి రాలినాక వస్తదిలే," అంది దయామణి విసురుగా.

ఆ సాయంత్రం మళ్లీ జావ కాచింది. రేపటి పాఠానికి పోలియో గురించి అడగాల్సింది ఇంకా ఉంది. దారంతా నాగరత్నమ్మ మీద కోపంగానే ఉంది. అయినా గిన్నె ఒలకకుండా త్వరత్వరగా నడిచింది.