ముందు కుక్కని పిలువు

అందరూ మర్యాదగా 'దోనా' అని పిలిచే ఆరోగ్య కార్యకర్త జెనువీనా ఏ ఇంటికెళ్ళినా ముందు పలకరించేది కుక్కనే. మనిషి మంచాన పడి మూలుగుతున్నా సరే, "మీ కుక్క దగ్గుతోందా?" అన్నాకే తక్కిన మాటలు. పియావీ ప్రాంతపు మెట్ట ఊళ్ళు ఈ పిచ్చికి అలవాటుపడిపోయాయి, ఒక్క లిందాల్వా తప్ప.

లిందాల్వా మొగుడు ఎరాస్ము జ్వరంతో, దగ్గుతో ఎముకల గూడయ్యాడు. పట్నం డాక్టరు క్షయ అన్నాడు. ఆ మాత్రలు మింగుతున్నా రోజురోజుకీ చిక్కిపోతూనే ఉన్నాడు. "వేటకెళ్ళావా?" అని డాక్టరు అడిగితే సిలువ గుర్తు వేసుకుని మరీ లేదన్నాడు. బొరియల్లో ఉండే పెంకుల జంతువు తతూని వేటాడితే జైలు. అందుకే పొయ్యి మీద కూర ఉడుకుతున్నా, ఊరి మగాళ్ళు తతూ పేరే విననట్టు మొహం పెడతారు.

ఆ రోజు జెనువీనా రోగి మంచం దాటుకుని పెరట్లోకి వెళ్ళి, వాళ్ళ కుక్క పియాబా పక్కటెముకలకి చెవి ఆనించింది.

"రోగి ఇక్కడున్నాడు, దోనా!"

"ఉష్! ఊపిరి వినపడనీ. ఏమే పియాబా, తిండి సయిస్తోందా?"

"దానికేం, నిక్షేపంలా ఉంది! పోయేలా ఉన్నది నా మొగుడు!"

"నిక్షేపమా? ఇదీ దగ్గుతోందిగా. ఈ మధ్య దీంతో ఏ కుక్కలు తిరిగాయి?"

"జొవెంతీనో కుక్కా, దమాజియో కుక్కా. ఏం, దీనికి సంబంధం చూస్తావా?"

జెనువీనా జొవెంతీనో ఇంటి దారి పట్టింది. లిందాల్వా వెనకనుంచి చీపురు విసిరింది. అది గుమ్మానికి తగిలింది.

వారం తిరక్కుండా డాక్టరే జీపులో దిగాడు. "ఆ మూడిళ్ళ కుక్కలూ దగ్గుతున్నాయి, మూడిళ్ళ మగాళ్ళూ దగ్గుతున్నారు. కుక్కలు బొరియ తవ్వాయట. ఆ మట్టిలో ఒక బూజు ఉంటుంది, దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఇది క్షయ కాదు, మందు మారుస్తా. నీకు కుక్క పక్కన పడుకునే అలవాటుందని, దాని ఒంటి దుమ్మే నీకు అంటిందని దోనా చెప్పింది."

పియాబాని ఏనాడూ గడప లోపలికి రానివ్వని ఎరాస్ము గబగబా తలూపాడు. "ఉందండి. బాగా ఉందండి."

లిందాల్వాకి అప్పుడర్థమైంది. మగాళ్ళు నోరు విప్పితే జైలు, విప్పకపోతే చావు. జెనువీనా అడగాల్సిందంతా కుక్కనే అడిగింది. విసిరిన చీపురు గుర్తొచ్చి లిందాల్వాకి సిగ్గేసింది.

ఎరాస్ము లేచి తిరుగుతున్న రోజుల్లో జెనువీనా మళ్ళీ వచ్చింది. లిందాల్వా తనే కుక్కని లాక్కొచ్చి నిలబెట్టింది. "ముందు దీన్ని చూడు, దోనా. నేను కాఫీ పెడతా."

జెనువీనా పియాబా చెవి పట్టుకుంది. "ఏమే, మూతికి తడిగుడ్డ కట్టుకోకుండా మళ్ళీ బొరియలో తల పెట్టావో, వీపు చీరేస్తా!"

"అలాగే, దోనా," అన్నాడు లోపల్నుంచి ఎరాస్ము.