హెర్సెగోవినా అనే పెద్ద కులం

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నంలో కొత్త మనిషి కనిపిస్తే ముందు పేరు అడిగేవాళ్లం, తర్వాత ఊరు. ఆ రెండింటితోనూ తేలకపోతే "ఇంతకీ మీరేంటోళ్లు?" అని కులం అడిగేవాళ్లం (ఇప్పుడు అడగరని కాదు, అడిగేముందు కొంచెం దగ్గుతారు). హైదరాబాదు మా వైపు పరుగెత్తుకొస్తున్న కాలం. సాగర్ రోడ్డు పొడవునా ప్లాట్ల జెండాలు, రావిర్యాల దిక్కు కొత్త ఫ్యాక్టరీలు. ఒక ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లకు మా ఊళ్లో గెస్ట్‌హౌస్ తీసుకుంటే అందులో నేను వంటమనిషిని. ఇరవై ఏళ్లదాన్ని, ఒక్క అక్షరం రాదు. నెలరోజులు చూసి పని ఖాయం చేస్తామన్నారు. ఆ వంటింట్లో ఫ్యాను ఉండేది. పని పోతే మళ్లీ ఎండలో నాట్లకు వంగాలి కాబట్టి, దేవుడికి కూడా పెట్టనన్ని దండాలు ఆ ఫ్యానుకు పెట్టేదాన్ని.

వచ్చినవాళ్లు ఇద్దరు, ఒకరు లావు సారు, ఒకరు బక్క సారు. ఏం వండాలో తెలియాలంటే ముందు కులం తెలియాలి కదా! ఎయిర్‌పోర్టు బాడుగలకు తిరిగి ఇంగ్లీషు పట్టుకున్న మా డ్రైవర్ మామను పంపాను. నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"ఇద్దరూ హెర్సెగోవినా వాళ్లమే అంటున్నరు పిల్లా."

"గదేం కులం మామా?"

"ఏమో! పేరు గింత పొడుగుందంటే పెద్ద కులమే ఉంటది."

నాకు తృప్తి కలిగింది. కులం ఒకటైతే కంచం ఒకటే. మర్నాడు లావు సారు వంటింట్లోకి వచ్చి, ముక్కుతో గుర్రుమని చప్పుడు చేసి, పొట్ట నిమురుకున్నాడు. పంది మాంసం! మామను పంపి తెప్పించి, అల్లం వెల్లుల్లి దట్టించి, ఇద్దరికీ సమానంగా వడ్డించాను. బక్క సారు ముక్క నోటిదాకా తెచ్చి, ఇదేమిటన్నట్టు చూశాడు. డ్రైవర్ మామ ఎంతో మర్యాదగా గుర్రుమన్నాడు. బక్క సారు ముక్క దించి, కంచం పక్కకు జరిపాడు. లావు సారు ఆ కంచాన్ని తన ముందుకు లాక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. ఆయనను మేమంతా ఆంధ్రా సారు అనేవాళ్లం. ఆయనది అనంతపురం.

"ఏమ్మే, ఆయప్ప సాయిబు! ఎవురేందో కనుక్కోకుండా పంది పెడతావా? రేపట్నుంచి రావద్దు పో!"

"అడిగిన సార్! హెర్సెగోవినా అన్నరు."

"అది వాళ్ల తావు పేరు! వాళ్లిచ్చిన పేపర్ల మీద పేరు చూస్తే తెలీదా?"

"చదువొస్తే మీ గిన్నెలెందుకు తోముత?"

ఆయన నన్ను వదిలి అతిథుల వైపు తిరిగి, "క్షమించండి, మీ బోస్నియా వాళ్లకు..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడో లేదో, ఇద్దరూ ఒక్కసారే బల్ల గుద్దారు. లావు సారు నోట్లో ముక్కతోనే కేకలేశాడు. డ్రైవర్ మామ తెలుగు చేశాడు: "బోస్నియా అనొద్దంట సార్. దేశం పేర్ల బోస్నియా, హెర్సెగోవినా అని రెండున్నా అందరూ ముందుదే పిలుస్తరంట. వీళ్లది కింది దిక్కు, రాళ్లెక్కువ, ఎండలెక్కువ. ఏ దేవునికి మొక్కెటోళ్లైనా ఆడ పుడితే హెర్సెగోవినా వాళ్లేనంట." అంతటితో ఆగకుండా, "మేం ఆంధ్రా సారు అంటే మీరు గూడ మాది సీమ అని గిట్లనే లొల్లి చేస్తరు గద" అన్నాడు. మేనేజరు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

బక్క సారు నా వైపు చూసి ఏదో అన్నాడు. "ఆ పిల్ల అడిగింది, మేం చెప్పినం, ఆమెదేం తప్పు లేదంటుండు. ఇగ ఎవరని అడగకుండ ఏం తింటరో అడుగుమంటుండు" అన్నాడు మామ. నాకు విచిత్రంగా తోచింది. మా దగ్గర ఆ రెండూ ఒకటే ప్రశ్న కదా!

పని నిలిచింది, నెల తిరిగాక ఖాయమైంది కూడా. వాళ్లు ఉన్న ఆరు నెలలూ రెండు గిన్నెల్లో వండాను. వెళ్లే రోజు బక్క సారు మామతో అడిగించాడు: "మేమెవరమో మొదటి రోజే అడిగినవ్, నువ్వెవరో చెప్పనే లేదు." నేను తడుముకోకుండా, గర్వంగా మా కులం పేరు చెప్పాను. ఆయన ఆ మాటను రెండుసార్లు పలికి, జేబులోంచి మడతల మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు.

"గా ఊరు ఏడుందో చూపియ్యమంటుండు పిల్లా" అన్నాడు మామ.

నాకు మ్యాపు చదవడం రాదు కనుకే అది దొరకలేదని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు చదవడం వచ్చింది, అది ఏ మ్యాపులోనూ ఉండదనీ తెలిసింది. ఆ మ్యాపు మీద వేలు పెట్టి మా కులాన్ని అమాయకంగా వెతికిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది.