మూడు చైనా నోట్లు, ఒక నూరు రూపాయల నోటు

రాజమౌళి గారు పోయారని మంగళవారం పొద్దున డోర్నకల్ స్టేషన్లో తెలిసింది. వరంగల్ బండి దిగిన మా పాత బ్రాంచి అటెండరు నా చెయ్యి పట్టుకొని, "పెద్దసారు పోయిండు సార్" అన్నాడు. ఏ పెద్దసారని నేను అడగలేదు. మా బ్రాంచికి ఎందరు మేనేజర్లు వచ్చి పోయినా ఆ పిలుపు హెడ్ క్యాషియర్ రాజమౌళి గారిదే. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవారు మళ్లీ లేవలేదట. నేను వరంగల్ కొత్తవాడలోని వారింటికి చేరేసరికి దహనం కూడా అయిపోయింది. ఆయన గురించి రాయమని మిత్రులు అడిగారు. పొగిడితే ఆయనకు గిట్టేది కాదు. నాకు తెలిసినంత రాస్తాను.

ఆయన కొత్తవాడలో నేతపనివారి ఇంట పుట్టారు. చిన్న వయసులోనే సైన్యంలో చేరారు. చైనా యుద్ధంలో పట్టుబడి కొన్ని నెలలు టిబెట్‌లో ఖైదీగా ఉన్నారు. ఆ రోజుల సంగతి అడిగితే చలి గురించి, మూడు నోట్ల గురించి తప్ప చెప్పేవారు కాదు. విడిచిపెట్టే రోజున కాపలా సిపాయి ఒకడు ఆయన జేబులో మూడు చిన్న నోట్లు పెట్టాడు. ఒకదాని మీద లారీ, ఒకదాని మీద విమానం, ఒకదాని మీద ఓడ. మూడూ కలిపినా చాయ్ రాదని నవ్వేవారు. తిరిగొచ్చాక మన అధికారులు మాత్రం ఆ నోట్లు ముందు పెట్టుకొని, ఇవి నీకెక్కడివి, ఏం చెప్తే ఇచ్చారు అని రోజుల తరబడి అడిగారట.

తర్వాత మాజీ సైనికుల కోటాలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. కొత్తగా చేరిన గుమాస్తాలకు దొంగ నోట్ల పాఠం ఆయన ఈ చైనా నోట్లతోనే మొదలుపెట్టేవారు. నా చేతిలో లారీ నోటు పెట్టి, ఏమేం కనబడిందో చెప్పమన్నారు. లారీ ఉందన్నాను.

"గది లారీ డ్రైవర్ గూడ చెప్తడు. ఇంకేమున్నది?"

అప్పుడు తిప్పి చూశాను. వెనుక చైనా లిపి కాక మరో మూడు లిపులున్నాయి. వాటిలో ఒకటి మన ఉర్దూకు చుట్టంలా ఉంది. ముందు వైపు విలువ తెలిపే అక్షరం మాత్రం గీత మీద గీతతో కిక్కిరిసి ఉంది. చైనా వాళ్లు మామూలుగా ఒకటిని ఒక అడ్డగీతగా, రెండును రెండు గీతలుగా, మూడును మూడు గీతలుగా రాస్తారు. కలం ఉన్నవాడెవడైనా ఒకటిని మూడు చేసెయ్యవచ్చు. అందుకని డబ్బు విషయంలో, ఇంకో గీతకు చోటు లేని బరువైన అక్షరాలు వేరే వాడతారు. ఒకరి భాష ఒకరికి తెలియకపోయినా, ఆ సిపాయి ఈ సంగతి మంచు మీద పుల్లతో గీసి చూపించాడట.

"తెల్సిన నోటును ఎవ్వడు చూడడు తమ్మీ, లెక్కవెడ్తడు అంతే. దొంగనోటు చేసేటోనికి గది ఎర్కే. తెల్వని దేశం నోటును చూసినట్టు మన నోటును చూడు," అన్నారు.

అయితే ఆయన కన్ను కంటే వేళ్లు ముందుండేవి. నూలు పట్టుకొని అది ఎంత సన్నమో దాని నంబరు చెప్పే ఇంట్లో పెరిగిన వేళ్లవి. ధాన్యం మార్కెట్ వ్యాపారులు అనుమానపు నోట్లు తెచ్చి ఆయన బొటనవేలి కింద పెట్టి వెళ్లేవారు. ఆ వేళ్లు ఒక్కసారి తప్పాయి. ఆయన గురించి రాయవలసింది అదే అనుకుంటున్నాను.

నర్సమ్మ అనే ఆమె చిల్లర కోసం నూరు రూపాయల నోటు తెచ్చింది. మగ్గానికి నిలువు పోగులుగా ఎక్కించిన జంఖానాల పడుగు ఒకటి పూర్తిగా నేసినందుకు భార్యాభర్తలకు ముట్టిన కూలి అది. రాజమౌళి గారు నోటును వేళ్ల మధ్య ఒకసారి నలిపి, "ఇది దొంగ నోటమ్మా. నీకెక్కడిది?" అని అడిగారు. హాలంతా ఇటు తిరిగింది. ఆమె నూలు ఇచ్చే సేటు పేరు చెప్పింది. అనుమానపు నోటు తిరిగి ఇవ్వకూడదు గనుక రసీదు చేతిలో పెట్టి, నోటును పోలీసుల ద్వారా పరీక్షకు పంపాం.

పోలీసులు ఆమె భర్తను మూడు రోజులు స్టేషన్ చుట్టూ తిప్పారు. తన పేరు బయట పెట్టారని సేటు నూలు ఆపేశాడు. నాలుగు నెలలు వాళ్ల మగ్గం ఆడలేదు. అప్పుడు జవాబు వచ్చింది. నోటు అసలుదే. తర్వాతి పడుగుకు గంజి పెట్టేటప్పుడు నర్సమ్మ నడుముకు దోపుకున్న నోటు తడిసింది. ఆరబెడితే మందంగా, బిరుసుగా తేలింది. వెలుతురుకు పట్టి ఉంటే కాగితం లోపలి సింహాల నీటిగుర్తు కనబడేది.

అటెండరుతో డబ్బు పంపితే చాలన్నారు మేనేజరు. రాజమౌళి గారు వినలేదు. నన్ను వెంటబెట్టుకొని ఆమె ఇంటికి వెళ్లారు. తప్పయిందని చెప్పారు. ఆమె చాప కూడా వెయ్యలేదు.

"అప్పుడు నలుగుర్ల అంటివి. ఇప్పుడు ఇంటికొచ్చి చెవుల చెప్తున్నవా సారూ?" అంది. మళ్లీ, "సాలోళ్ల ఇంట్లనే పుట్టినవట గద. గంజి తెల్వకపాయెనా?" అంది.

ఆయన తల వంచుకొని, రేపు బ్యాంకుకు రమ్మని బతిమాలారు. అక్కడి నుంచి నేరుగా సేటు దగ్గరికి నడిచి, ఆయన్నీ పిలిచారు.

మరునాడు నర్సమ్మా సేటూ వచ్చాక, హాలు నిండుగా ఉన్న వేళ ఆయన క్యాష్ కౌంటర్ జాలీ తలుపు తెరుచుకొని బయటికి వచ్చి నిలబడ్డారు.

"ఈ అక్క తెచ్చిన నోటు మంచిదే. నేనే చూడలే. ముట్టుకోంగనే తెల్సిందనుకున్న. నీకెక్కడిదని అడిగిన. గా మాట ఒకప్పుడు నన్ను గూడ అడిగిన్రు. ఎట్లుంటదో ఎరికుండి అడిగిన. తప్పు నాది."

నర్సమ్మ ఆయనిచ్చిన నోటు అందుకొని, కిటికీ వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మంచిదేనా సారూ?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, కళ్లు తుడుచుకుంటూ. ఆ వారమే సేటు నూలు పంపాడు. ఆ తర్వాత రాజమౌళి గారు ఎవరి నోటునైనా అనుమానిస్తే, ముందు ఆ మనిషిని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నీళ్లలో పడ్డదా అని మెల్లగా అడిగేవారు.

ఇక్కడితో ముగించవచ్చు. కాని ఆ రసీదు మీద రెండో సంతకం నాది. నిబంధన ప్రకారం నోటును నేను విడిగా పరీక్షించాలి. పెద్దసారు చెప్పాక చూసేదేముందని, ముట్టుకోకుండానే సంతకం చేశాను. పక్కనే ఉన్న ఆయనకు అది తెలుసు. హాల్లో "నేనే" అన్నారు గాని "మేము" అనలేదు. మేనేజరుకు రాసిచ్చిన సంజాయిషీలోనూ అంతే. తర్వాత ఇన్నేళ్లలో ఒక్కనాడూ నా దగ్గర ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

దహనం మరునాడు నర్సమ్మ గారింటికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. ఆమె చేతిలోని నూలు కండె పక్కన పెట్టింది.

"కాయితం మీద రెండు సంతకాలుండె. ఒక్కడే తప్పు తనదన్నడు. నాకప్పుడే ఎర్క," అంది. ఈసారి చాప వేసింది.

రాజమౌళి గారు ఉండగా చెప్పవలసిన మాట ఇది. మందలించడానికి ఆయన లేరు. నా పక్కన నిలబడి తప్పు తన మీద వేసుకోవడానికీ లేరు. అటువంటి మనిషి పక్కన పనిచేసే అదృష్టం నాకు మళ్లీ రాదు. ఆయనకు నమస్కరిస్తున్నాను.