ఇరవై నాలుగో లోపం

ఇరవై తొమ్మిదేళ్లవాడు ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెడితే పెద్దలు నవ్వుతారని తెలుసు. కానీ ఒక సూపర్‌హీరో సినిమా మీద నిండు మనసుతో కోపం తెచ్చుకోగలిగే వయసంటూ ఒకటుంటుంది. అది నాకు దాటిపోయింది (పూర్తిగా దాటలేదు, ఇది రాస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి). కాబట్టి ఆ మాట వాడుకునే హక్కు నాకుంది. ఆ రోజుల్లో నేను డిప్లొమా ముగించి, కూరెకుప్ప దగ్గర ఒక చిన్న ఇనుము ఫ్యాక్టరీలో ట్రైనీగా ఉండేవాణ్ని. ఖనిజం మోసే కన్వేయర్ బెల్టును చూసుకోవడం నా పని. నన్ను పర్మనెంట్ చేయాలా వద్దా అన్నది ఆ నెలాఖరుకు తేలాలి.

సరిగ్గా అప్పుడే ఆ సినిమా రెండో భాగం విడుదలైంది. మొదటి భాగం కాలేజీలో ఉండగా ఐదుసార్లు చూశాను. అందులో హీరో గాలిలో ఎగురుతాడు, కానీ ఒళ్లు తడిస్తే ఆ శక్తి పోతుంది. మబ్బు పట్టిందంటే చాలు, ప్రపంచాన్ని కాపాడాల్సినవాడు ఎవరింటి చూరు కిందో నిలబడి దిక్కులు చూస్తాడు. ఎంత చక్కటి నియమం! మూడేళ్లు ఎదురుచూసి, మొదటి రోజుకు సెలవు కుదుర్చుకుని, మా కంప్లి బావను బైకు వెనక ఎక్కించుకుని బళ్లారిలో ఉదయం ఆటకు వెళ్లాను. బావంటే మా మేనత్త కొడుకు, అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మనిషి. మధ్యాహ్నం రెండింటికి నేను షిఫ్టు దిగితే నా చోట ఎక్కేది అతనే. తెర లేచింది. మొదటి సీనులోనే హీరో సముద్రంలోంచి నీళ్లు కారుతూ పైకి లేచి, అలాగే ఎగిరిపోయాడు. నేను సీట్లోంచి లేచి “తడిసినాడు కదప్పా!” అని అరిచాను. “కూకోప్పా, మీ ఇంటికొచ్చి తుడుసుకుంటాడులే” అన్నాడు వెనక వరసాయన. హాలంతా నవ్వింది.

దానికన్నా ఘోరం, సినిమా బావకు నచ్చింది. “బాగనే ఉండాది కదప్పా, ఫైటింగులు చూస్తివా?” అన్నాడు బయటికి రాగానే. “బావా, వాడు నీళ్లలోంచి లేచినాడు!” “తువాలు తెచ్చుకోనుంటాడు, బిడప్పా, వదిలెయ్.” ఇంటికి చేరేదాకా నేను అరుస్తూనే ఉన్నాను. అతను వెనక కూర్చుని పాట కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. ఈ మనిషికి నా వాదన వినిపించే దారి ఏదని రాత్రంతా ఆలోచిస్తే తెల్లారేసరికి దొరికింది. మా ఫ్యాక్టరీలో షిఫ్టు దిగేవాడు రిజిస్టర్లో లోపాలన్నీ రాయాలి. ఎక్కేవాడు వాటిని చదివి కింద సంతకం పెట్టాలి. చదవకుండా తప్పించుకునే వీల్లేదు! ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు కూర్చుని వరస సంఖ్య, లోపం, కారణం, సవరణ అని గడులు కొట్టి, ఆ సినిమా లోపాలు ఇరవై మూడు రాశాను. ఇరవై నాలుగోదిగా, డ్యూటీ కాబట్టి, పద్నాలుగో రోలరు బేరింగు వేడెక్కుతోందని, షిఫ్టు మారగానే బెల్టు ఆపి మార్చాలని రాశాను. బావ వచ్చి మొదటి వరస చూసి, “మళ్లీ మొదలుపెడితివా?” అని పేజీ అడుగున సంతకం గీకేశాడు. చదవలేదని నాకు తెలుసు. చెప్పాల్సింది. కోపంతో హెల్మెట్ కొక్కేనికి తగిలించి వెళ్లిపోయాను.

సాయంత్రం ఐదింటికి ఆ రోలరు బిగుసుకుపోయి, బెల్టు నిలువునా చిరిగింది.

మర్నాడు ఉదయం మీటింగులో అందరూ ఉన్నారు. ఇన్‌ఛార్జిని మేం రిజిస్టర్ సార్ అనేవాళ్లం (కాగితం మీద లేనిదేదీ ఆయన లెక్కలో జరగనట్టే). “బేరింగు సంగతి ఇరవై నాలుగులో రాసుండాది. కింద సంతకం ఎవుడిది?” అన్నాడు. “నాదే సార్” అన్నాడు బావ. “చదివినావా?” బావ తల అడ్డంగా ఊపాడు. “అయితే గేట్ పాస్ ఈడ పెట్టి పో.” కాంట్రాక్టు మనిషికి పాస్ పోతే పని పోయినట్టే. బావ మెడలోంచి పాస్ తీశాడు. పైనున్న ఆ చెత్తంతా ఎవరు రాశారని ఒక్క మాట అనలేదు, నా వైపు చూడనైనా చూడలేదు. నేను లెక్క వేసుకున్నాను: కాగితం నా పక్షాన ఉంది, పర్మనెంట్ పది రోజుల్లో ఉంది. ఇంతలో సార్ కళ్లద్దాలు సర్దుకుని, “పైన ఈ ఇరవై మూడు ఏందప్పా?” అని చదవడం మొదలుపెట్టాడు, బేరింగు వేడి చదివే గొంతుతోనే. “ఒకటి. తడిసిన హీరో ఎగిరాడు. సవరణ: ఆరబెట్టవలెను.” జనం పగలబడి నవ్వారు. “నాలుగు. మొదటి భాగంలో చచ్చిన విలన్ వచ్చాడు. కారణం: రెండో భాగం తీసినవాడు మొదటి భాగం చూడలేదు.” ఎవరో బల్ల చరిచారు. “తొమ్మిది. తన తప్పుకు స్నేహితుణ్ని లాక్కెళ్తుంటే హీరో నోరు మూసుకుని నిలబడ్డాడు. కారణం: తెలియదు. సవరణ: తక్షణం నోరు విప్పవలెను.”

నవ్వనివాణ్ని నేనొక్కణ్నే. “సార్” అన్నాను. నవ్వుల్లో వినపడలేదు, మళ్లీ అన్నాను. “బేరింగు సంగతి మొదటి వరసలో రాయాల్సింది. సినిమా కింద పూడ్చిపెట్టినాను. ఆయప్ప చదవలేదని తెలిసీ చెప్పకుండా పోయినాను. తప్పు నాది.” సార్ ఒక తెల్లకాగితం నా వైపు తోసి, “నోటితో చెప్తే ఎట్ల? రాసియ్యి” అన్నాడు. రాసిచ్చాను. బావ పాస్ బావకు తిరిగొచ్చింది. నా పర్మనెంట్ ఆరు నెలలు వెనక్కి పోయింది. బయటికి రాగానే బావ నా వీపు మీద ఒక్కటేశాడు: “తిక్కోడా, పర్మనెంట్ పోగొట్టుకుంటివి కదరా, ఆ తడిసినోని కోసరం!”

మూడో భాగం వచ్చే నెల వస్తోందట. బావ రెండు టికెట్లు తీసి పెట్టాడు. ఆ ఇరవై మూడింటిలో ఒక్కదాన్ని కూడా నేను వెనక్కి తీసుకోలేదు, తీసుకోను. మొన్న ఫ్యాక్టరీ అల్మరా సర్దుతుంటే ఆ పాత రిజిస్టర్ దొరికింది. ఆ కుర్రాడు పెన్ను ఎంత నొక్కి రాశాడంటే, అక్షరాలు వెనక పేజీలో చేతికి తగులుతున్నాయి. అంత కోపం ఇప్పుడు నాకు కావాలన్నా రాదు. నవ్వుకుంటూ మూయబోతే, తొమ్మిదో వరస ఎదురుగా ఎర్రసిరాతో చిన్న అక్షరాలు కనిపించాయి. రిజిస్టర్ సార్ చేతిరాత. ‘సవరించడమైనది’ అని రాసి, ఆ మీటింగు నాటి తేదీ వేసి, సంతకం పెట్టాడు.