కోటుకు సరిపడా మనిషి

ఆల్టరేషనక్కకు కోపం కొత్త కాదు. ఆ వీధిలో ఎవరి ప్యాంటు పొడుగైనా, ఎవరి నడుము లావెక్కినా ఆమె దగ్గరికి రావలసిందే. వచ్చినవాళ్ళు నాలుగు చివాట్లు తినకుండా వెళ్ళిందీ లేదు. "ఇంత పొడుగు ప్యాంటు కొనేటప్పుడు కాళ్ళు ఇంట్లో పెట్టి వెళ్ళావా?" అంటుంది. అంటూనే సుద్దముక్కతో గీత గీసేస్తుంది. మేడమెట్ల కింద ఇరుకు గది, అందులో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, గోడకు ఒక నిలువుటద్దం. ఆమె భుజం మీద బట్టకు ఎప్పుడూ వరసగా గుండుసూదులు గుచ్చి ఉంటాయి. అన్నం తినేటప్పుడు కూడా తియ్యదు.

కానీ ఈసారి వచ్చిన కోపం చివాట్లతో తీరేది కాదు. అది సొంత తమ్ముడి మీద వచ్చింది.

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. ఇప్పటికీ ఆమె ఇంట్లోనే ఉంటాడు. పెద్ద బట్టల షాపులో పని, మనిషి నెమ్మది, నోట్లో నాలుక లేదు. పొట్టి. షాపులో అందరూ 'మూరెడు' అని పిలిచేవాళ్ళు, అతను పలికేవాడు. ఇంట్లో బావ, అంటే అక్క మొగుడు, బస్సు డ్రైవరు, ఎప్పుడైనా సరదాగా "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు" అంటే అక్క ఊరుకునేది కాదు. "నీ పొడుక్కి నీకు ఒక్కటైనా ఉందా?" అని ఆయన నోరు మూయించేది. అలాగని ఆమె మాత్రం తక్కువ తిన్నదా? తమ్ముడి ప్రతి ప్యాంటుకీ కింద కత్తిరించిన ముక్కలు దాచి సంచులు కుట్టేది. "మా ఇంట్లో సంచులన్నీ మావాడి కాళ్ళే" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి పడీపడీ నవ్వేది. పక్కన తమ్ముడు కూడా నవ్వేవాడు.

షాపువాళ్ళు ట్రైనింగుకి పంపుతున్నారని చెప్పి ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో వచ్చాడు. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ మీద మోసుకొచ్చి మంచం మీద దింపారు. రెండు కాళ్ళకీ మోకాలి కింద నుంచి చీలమండ దాకా ఇనప చట్రాలు, వాటిలోంచి ఎముకలోకి దిగిన చువ్వలు. ఆల్టరేషనక్క మిషను వదిలి పరిగెత్తుకొచ్చింది.

"ఎవడు గుద్దాడురా?"

"ఎవరూ గుద్దలేదక్కా. నేనే చేయించుకున్నా."

"ఏం చేయించుకున్నావ్?"

తమ్ముడు గోడవైపు చూస్తూ చెప్పాడు. "పొడుగు."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకు ఆ రోజు తెలిసింది. కాలి ఎముకను కోస్తారట. ఆ చట్రానికి ఉన్న నట్లను చిన్న రెంచీతో రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే కోసిన చోట ఎడం పెరుగుతుందట, ఆ ఎడంలో కొత్త ఎముక పూడుకుంటుందట. నిక్షేపంలాంటి కాళ్ళు. పరిగెత్తి బస్సెక్కిన కాళ్ళు. వాటిని కోయించుకుని వచ్చాడు. కొరివితో తల గోక్కున్నవాణ్ణి గురించి విన్నదే గానీ, తన ఇంట్లో మంచం మీద చూస్తానని ఆమె అనుకోలేదు. వ్యానుతో వచ్చిన ఆస్పత్రివాడు మందులు అప్పజెబుతూ "కరెక్షన్ బాగా జరిగిందండీ" అన్నాడు.

"కరెక్షనా? ఏం తప్పు చేశాయని ఆ కాళ్ళని దిద్దారు?" అని అడిగింది. వాడు గబగబా వెళ్ళి ఎక్కాడు. వ్యాను వెళ్ళిపోయింది.

తిట్టినంత మాత్రాన చాకిరీ తప్పుతుందా? చువ్వలు దిగిన చోటల్లా ఉప్పునీటి గుడ్డతో తుడవాలి, ఎర్రబడిందేమో చూడాలి, చీము పట్టిందేమో చూడాలి. చట్రాలతో మనిషి పట్టడం లేదని బావ స్నానాల గది తలుపు ఊడదీసి కర్టెన్ కట్టాడు. ప్యాంట్లు ఎక్కవు కాబట్టి అక్క పక్క కుట్లు విప్పి, అంటించుకునే పట్టీలు కుట్టింది. కుడుతూ తిట్టింది, తుడుస్తూ తిట్టింది, అన్నం పెడుతూ తిట్టింది. తమ్ముడు అన్నీ పడ్డాడు. రెంచీ మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. దిండు కింద పెట్టుకుని, తనే తిప్పుకునేవాడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంకో రకం. పండ్లు పట్టుకొచ్చి, కూర్చుని, గుమ్మడిపాదు గురించి అడిగినట్టు "ఎంత పెరిగాడు?" అని అడిగేవాళ్ళు. పైగా ఒకావిడ "మా అబ్బాయిక్కూడా చేస్తారంటారా?" అంది. ఆవిడకి టీ కూడా ఇవ్వకుండా పంపేసింది ఆల్టరేషనక్క.

ఇంటికొచ్చి వ్యాయామం చేయించే అమ్మాయి ఒక్కతే ఆమెకు నచ్చింది. ఆ అమ్మాయి మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. తమ్ముడి పాదానికి రబ్బరు పట్టీ వేసి తనవైపు లాక్కోమనేది. "ఎముక పెరిగినంత తేలిగ్గా నరాలు పెరగవండీ. మడమ నేలకి ఆనకపోయినా, వేళ్ళకి తిమ్మిరి వచ్చినా వెంటనే చెప్పాలి. నట్లు తిప్పడం ఆపేయాలి. దాచారో, పాదం పట్టు తప్పి వేలాడిపోతుంది. తర్వాత ఎంత ఏడ్చినా రాదు" అని ఇద్దరికీ వినపడేలా చెప్పింది. ప్రతిసారీ "ఎలా ఉంది?" అని అడిగేది. ప్రతిసారీ తమ్ముడు "బాగానే ఉంది" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆల్టరేషనక్క అతని కాళ్ళ దగ్గర వంగి గుడ్డ మారుస్తోంది. భుజం మీది సూది ఒకటి జారింది. ఎక్కడ పడిందా అని వెతికితే, అతని కుడికాలి బొటనవేలికి గుచ్చుకుని నిలబడి ఉంది. చిన్న నెత్తురుచుక్క కూడా వచ్చింది. తమ్ముడు ఫోను చూసుకుంటున్నాడు.

ఆమె సూది తీసింది. అతను తల ఎత్తలేదు. పక్కవేలు గిల్లింది. ఎత్తలేదు. పాదం పైన గట్టిగా గిల్లింది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"ఏంటక్కా?"

"నీ కాల్లో సూది దిగింది. నీకు తెలీలేదు. ఎన్నాళ్ళ నుంచి?"

అతను పాదాల మీదికి దుప్పటి లాక్కున్నాడు. "కొన్నాళ్ళయింది. చెప్తే ఆపేస్తారక్కా. ఇంకా సగం కూడా కాలేదు."

ఆమె వెంటనే డాక్టరుకి ఫోను చేసింది. డాక్టరు అంతా విని, ఆ క్షణం నుంచీ నట్టు ముట్టుకోవద్దనీ, పొద్దున్నే తీసుకురమ్మనీ చెప్పాడు. నరం లాగుతోందన్నాడు. ఇక్కడితో సరిపెట్టుకుంటే కాలు మళ్ళీ దారికి రావడానికే ఎక్కువ అవకాశం ఉందన్నాడు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ లాగొచ్చు, కానీ అప్పుడు పాదం దక్కుతుందని మాట ఇవ్వలేనన్నాడు. ఏది కావాలో మీవాడే తేల్చుకోవాలన్నాడు.

"ఆగి మళ్ళీ మొదలుపెడదాం" అన్నాడు తమ్ముడు, ఫోను పెట్టేయగానే.

"కాలు పోయినా?"

"పొడుగైతే షాపులో ముందు కౌంటరు మీద పని ఇస్తారక్కా. ఎన్నేళ్ళని గోడౌన్లో పెట్టెలు విప్పుతూ ఉండను? అడిగితే మేనేజరు అందరి ముందూ అన్నాడు, ఇక్కడ కోటుకి సరిపడా మనిషి కావాలయ్యా, ముందు సరిపోయి రా, తర్వాత చూద్దాం అని."

ఆల్టరేషనక్క మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరింది. షాపు అద్దాల తలుపు తోసుకుని వెళ్తే, ముందు కౌంటరు వెనక ముదురునీలం కోట్లు వేసుకుని కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చాడు. తమ్ముడికి కాళ్ళ ఆపరేషనని తెలుసట, ఎందుకో మాత్రం తెలియదట. ఆమె చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది.

"అయ్యో, నేనేదో సరదాకన్న మాటమ్మా అది. కోట్లు హెడ్డాఫీసు నుంచి వస్తాయి. చిన్న సైజు పంపరు. కోటు మీద కత్తెర పడకూడదని రూలు."

"మీరు అమ్మే ప్రతి ప్యాంటు మీదా నా దగ్గర కత్తెర పడుతుంది. కోటు మీద పడితే షాపు కూలిపోతుందా? బట్టని మనిషికి తగ్గట్టు కత్తిరిస్తారు బాబూ. మీ షాపు కోసం మావాడు బట్టకి తగ్గట్టు తనని కోయించుకున్నాడు."

"మేం కోయించుకోమనలేదు కదమ్మా."

అది నిజమే. ఆ నిజానికే ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. కొంకికి వేలాడుతున్న కోటొకటి తీసి చేతి మీద వేసుకుని, ఎవరినీ అడక్కుండా బయటికి నడిచింది. మేనేజరు ఆపలేదు.

ఇంటికొచ్చి తమ్ముణ్ణి దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. కోటు తొడిగింది. గుండీలు పెట్టింది. అతని చేతులు రెండూ ఒళ్ళో పెట్టింది. వేళ్ళు కనబడలేదు. చేతుల గొట్టాలు వేళ్ళు దాటి, ఖాళీగా మడతపడి ఉన్నాయి.

"చూసుకో. కోటు కొలత భుజం దగ్గర మొదలవుతుంది. భుజం, చెయ్యి, నడుము, అంతే. మోకాలి కిందికి అసలు రాదు. నువ్వు తాటిచెట్టంత ఎదిగినా ఈ చేతులు ఇలాగే ఉంటాయి. బట్టల షాపులో ఇన్నేళ్ళు పనిచేశావు, నా మిషను పక్కనే పెరిగావు. ఇది తట్టలేదట్రా నీకు?"

తమ్ముడు ఆ ఖాళీ చేతుల గొట్టాల వంక చూశాడు. తర్వాత ఒకటి పైకి మడుచుకుని, లోపల్నించి వేళ్ళు బయటికి తీసి, దిండు కింద తడిమాడు. రెంచీ తీసి మంచం అంచున పెట్టాడు. ఫోను అడిగి తీసుకున్నాడు. "డాక్టరుగారూ, ఇంక లాగొద్దండీ, ఇక్కడితో ఆపేయండి. కాలివేళ్ళకి స్పర్శ తెలీక చాలా రోజులైంది, నేనే చెప్పలేదు" అన్నాడు. అవతల నుంచి ఏం విన్నాడో, "సరేనండీ, మళ్ళీ తెలుస్తుందో లేదో చూద్దాం" అని పెట్టేశాడు.

ఆల్టరేషనక్క దాన్ని అందుకుని నిలబడింది. రెంచీ చేతికొచ్చింది గానీ కోపం దిగలేదు. సూది గుచ్చుకున్నా ఉలకని ఆ బొటనవేలిని చూస్తుంటే ఇంకా పెరిగింది.

"ఒక్క కోటు. నాకు తెచ్చిస్తే టీ చల్లారేలోపు సరిచేసి ఇచ్చేదాన్ని. రూలూ లేదు, గీలూ లేదు, కుట్టు కూడా కనపడేది కాదు. ఎందుకు తేలేదురా?"

"తెస్తే నవ్వేదానివి కదక్కా. వచ్చినవాళ్ళందరికీ చెప్పేదానివి."

కాదని అనొచ్చు గానీ, అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు.

"నవ్వేదాన్నే" అంది. "నవ్వుకుంటూనే కత్తిరించేదాన్ని. కోటునిరా. నిన్ను కాదు."