పుట్టికి నంబరు

జమ్మలమడుగు పక్కన జలాశయంలో తిరిగే పాత పుట్టీలను గుర్తించి నంబర్లు వేయడం అప్పట్లో నా పని. వెదురుతో అల్లి తారు పూసిన తన గుండ్రటి పుట్టిని ఒక పెద్దాయన మాత్రం చూపించేవాడు కాదు. నేను కనబడగానే బోర్లించి, దానిమీద కూర్చునేవాడు.

ఒకరోజు రంగుడబ్బా కింద పెట్టి అడిగాను.

"నంబరు లేకుంటే చేపలు పట్టనీరు పెద్దాయనా. ఎందుకంత అనుమానం?"

ఆయన నా కుంచెనే చూస్తూ నీళ్ల నడుమకు చెయ్యి చూపించాడు.

"మా ఊరు ఆడుండె సారూ. ఇండ్లకన్నిటికీ ఇట్లే ఎర్రరంగుతో నంబర్లేసిపోయినారు. ఆ ఎనకాలే నీళ్లొచ్చినాయి. ఇప్పుడు దీనికేస్తామంటాండారు. ఇదీ మునిగితే నేను దేన్ని పట్టుకోని తేలల్ల?"