గూడెంలో దిగాల్సిన ఆవిడ

వరంగల్ నుంచి మా కాలేజీ బృందం అరకు కొండల్లో ట్రెక్కింగ్‌కి రైల్లో వెళ్తోంది. ఏలూరు దాటాక మౌనిక బ్యాగు పట్టీ తెగిపోయింది. ఇక ఇంటికి వెళ్లిపోతానని ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవకండమ్మా, ఇలా ఇవ్వండి. కుట్టిపెడతాను," అంది ఎదుటి సీట్లో పెద్దావిడ. కొల్లేరులో చేపలు పట్టే కుటుంబమట, తాడేపల్లిగూడెంలో కూతురింటికి వెళ్తోందట. సంచిలోంచి వలలు కుట్టే దారం తీసింది. మా బామ్మ వయసావిడ మమ్మల్ని 'మీరు' అంటుంటే వింతగా అనిపించింది. మా వైపు పెద్దలు పిల్లల్ని అలా పిలవరు.

గూడెం వచ్చింది. "మీరు దిగాలి కదండీ?" అన్నాను కంగారుగా.

"సగంలో ఎలా వదిలేస్తానండీ? కొండ మీద తెగితే ఎవరు కుడతారు?"

నిడదవోలు వచ్చేసరికి కుట్టడం అయింది. పట్టీని గట్టిగా లాగి చూసి, బ్యాగును మౌనిక భుజాలకు తనే తగిలించింది. తర్వాత రైలు దిగి, వెనక్కి వెళ్లే బండి కోసం అవతలి ప్లాట్‌ఫారం వైపు నడిచింది.